ఇంటి మనిషి జైల్లో ఉంటే అతని ఓటు సంగతి: ఏ పని, ఎప్పటిలోగా

ఎన్నికల తేదీ ప్రకటించారంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఒకటే లెక్క. హైదరాబాద్‌లో ఉన్న పెద్దోడికి రైలు టికెట్ దొరికిందా, చెన్నైలో పని చేసుకుంటున్న అల్లుడు బయల్దేరాడా, విశాఖలో చదువుతున్న పిల్ల ఒక రోజు ముందే వస్తుందా అని. అంపోలు జిల్లా జైల్లోనో, విజయనగరం సబ్‌జైల్లోనో, విశాఖ అడవివరం సెంట్రల్ జైల్లోనో ఉన్న మనిషి మాత్రం ఆ లెక్కలోకి రాడు. ఎవరైనా అడిగినా "లోపలున్నోడికి ఓటేటి?" అని అక్కడితో తేల్చేస్తారు.

చాలామంది విషయంలో ఆ మాట నిజమే, కానీ అందరి విషయంలో కాదు. పైగా ఓటు వేయలేకపోవడం వేరు, జాబితాలోంచి పేరే పోవడం వేరు. మొదటిది చట్టం వల్ల జరుగుతుంది. రెండోది చాలాసార్లు మన గడప దగ్గరే జరిగిపోతుంది. మీ ఇంటి మనిషి లోపల ఉంటే ఏం చేయాలో, దేనికి ఎంత గడువుందో వరసగా చెప్తాను.

ముందు కాగితం చూడండి

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది మనిషి ఏ కాగితం మీద లోపలికి వెళ్లాడన్నది. చేసిన నేరం పెద్దదా చిన్నదా అన్నదానితో ఇక్కడ పని లేదు.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 62(5) సెక్షన్ ఉంది. జైల్లో ఉన్నవాళ్లు, పోలీసుల చట్టబద్ధ కస్టడీలో ఉన్నవాళ్లు ఏ ఎన్నికలోనూ ఓటు వేయకూడదని అది చెప్తుంది. శిక్ష పడినవాడైనా, కేసు ఇంకా తేలని రిమాండు ఖైదీ అయినా ఒకటే. వదిలిపెట్టింది ఒక్కరినే: ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లను. మన వాడుకలో చెప్పాలంటే "పీడీ యాక్ట్ పెట్టారు" అంటామే, వాళ్లు. జైలు భాషలో డెటెన్యూలు. వీళ్లకు ఓటు హక్కు చెక్కుచెదరదు, పోస్టల్ బ్యాలెట్ ద్వారా వేయొచ్చు.

తేడా ఎలా తెలుసుకోవాలి? రిమాండు అయితే స్టేషన్ క్రైమ్ నంబరు, కేసు సెక్షన్లు, మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉంటాయి. పద్నాలుగు రోజులకోసారి పొడిగింపు ఉంటుంది. డెటెన్యూ అయితే కోర్టు ఉత్తర్వు ఉండదు, కలెక్టర్ సంతకంతోనో ప్రభుత్వం పేరుతోనో నిర్బంధ ఉత్తర్వు ఉంటుంది. దాంతోపాటు "గ్రౌండ్స్" అని ఎందుకు నిర్బంధించారో రాసిన కాగితాల కట్ట ఇస్తారు. మన రాష్ట్రంలో దీనికి ఎక్కువగా వాడేది 1986 నాటి చట్టం. సారా వ్యాపారం, బందిపోటుతనం, మత్తుమందులు, గూండాయిజం, వ్యభిచార రవాణా, భూకబ్జాలు చేసేవాళ్ల మీద తెచ్చిన చట్టం అది. ఆ చట్టం కింద కలెక్టర్ ఇచ్చిన ఉత్తర్వును 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, గరిష్ఠంగా 12 నెలలు ఉంచొచ్చు. 1980 జాతీయ భద్రతా చట్టం, మత్తుమందుల అక్రమ రవాణా మీద 1988లో వచ్చిన ముందస్తు నిర్బంధ చట్టం కూడా ఈ కోవలోవే.

గంజాయి దగ్గర చాలామంది తికమక పడతారు. ఒడిశా సరిహద్దు పక్కనే ఉన్న ప్రాంతం కాబట్టి ఈ కేసులు మనకు కొత్త కాదు. గంజాయితో పట్టుబడి 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద లోపలికి వెళ్తే అది మామూలు కేసే, మనిషి రిమాండు ఖైదీయే, ఓటు వేయలేడు. అదే మనిషి మీద 1988 చట్టం కింద నిర్బంధ ఉత్తర్వు ఇస్తే అప్పుడు డెటెన్యూ. రెండూ ఒకేసారి ఉంటే పోస్టల్ బ్యాలెట్ కోసం ఉత్తరం పంపించండి, లాయరుకీ చెప్పండి. అడగడం మానేసి ఇంట్లో కూర్చోవద్దు.

ఇంకో భయం బైండోవర్. ఎన్నికల ముందు తహసీల్దార్ దగ్గరికి పిలిపించి, గొడవలు చేయనని పూచీకత్తు రాయించుకుంటారు కదా, దానివల్ల ఓటు పోదు. రౌడీషీట్ ఉన్నా పోదు. బెయిలు మీద బయట ఉన్నవాడికి ఎన్ని కేసులున్నా ఓటుంటుంది. శిక్ష పూర్తి చేసుకుని వచ్చినవాడూ ఆ మర్నాడే ఓటు వేయొచ్చు. శిక్ష పడినవాళ్లు ఆరేళ్లు దూరంగా ఉండాలనే నిబంధన పోటీ చేయడానికి సంబంధించింది, ఓటు వేయడానికి కాదు. దీనికీ ఒక మినహాయింపు ఉంది. ఎన్నికల్లో డబ్బు పంచడం, ఒకరి ఓటు మరొకరు వేయడం లాంటి నేరాలకు శిక్ష పడితే అదే 1951 చట్టం 11ఏ సెక్షన్ కింద ఆరేళ్లు ఓటు వేసే హక్కూ పోతుంది. నోటు పంచినవాడికి ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

ఈ 62(5) న్యాయమేనా అని అడిగితే నా మట్టుకు నేను కాదంటాను. 2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే దోషి అని ఏ కోర్టూ చెప్పనివాళ్లు. జామీను తెచ్చుకోగలిగినవాడు బయటికొచ్చి ఓటేస్తాడు, తెచ్చుకోలేనివాడు అదే సెక్షన్ కింద లోపల ఉండి ఓటు పోగొట్టుకుంటాడు. 2024లో తిహార్ జైల్లో ఉంటూనే బారాముల్లా ఎంపీగా గెలిచిన ఇంజినీర్ రషీద్‌కు పోటీ చేసే వీలుంది గానీ, తన ఓటు తాను వేసుకునే వీలు లేదు. ఈ సెక్షన్ మీద వేసిన అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసును 1997లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఖైదీలందరికీ పోలింగ్ ఏర్పాట్లు చేయాలంటే పోలీసు బలం చాలదని, తన నడవడి వల్ల లోపలికి వెళ్లినవాడు బయటివాళ్లతో సమాన స్వేచ్ఛ అడగలేడని, నేరచరితుల్ని ఎన్నికలకు దూరంగా ఉంచడం మంచిదేనని కారణాలు చెప్పింది. చట్టం మారేదాకా మనం దాని లోపలే దారి వెతుక్కోవాలి.

జాబితాలో పేరు పోకుండా చూసుకోండి

ఈ పని రిమాండు, శిక్ష, డెటెన్యూ అన్న తేడా లేకుండా అందరికీ అవసరం. ఎన్నికలు దగ్గర్లో లేకపోయినా అవసరమే.

జైల్లో ఉన్నంత మాత్రాన ఓటర్ల జాబితాలోంచి పేరు తీయడానికి వీల్లేదు. 2013లో 62(5)కు ఇంకో మాట చేర్చారు: ఓటు వేయకుండా నిషేధం ఉన్నా, జాబితాలో పేరున్న మనిషి ఓటరు కాకుండా పోడు అని. ఇక 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20(2) సెక్షన్ ప్రకారం జైల్లో ఉన్నంత మాత్రాన ఎవరూ ఆ జైలు ఉన్న ఊరివాళ్లు అయిపోరు. అదే 20వ సెక్షన్‌లో, తాత్కాలికంగా ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు ఆ ఊరి నివాసులు కాకుండా పోరని కూడా ఉంది. అంటే మీ అబ్బాయి అడవివరంలో రెండేళ్లున్నా అతని ఓటు రణస్థలంలోనో, గజపతినగరంలోనో, మీ ఇల్లు ఎక్కడుంటే అక్కడే ఉంటుంది.

చట్టంలో ఇంత స్పష్టంగా ఉంటే పేర్లు ఎలా పోతున్నాయి? ఓటర్ల జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారి, అదే బీఎల్వో, ఇంటికి వస్తారు. అంగన్వాడీ టీచరో, సచివాలయం ఉద్యోగో, మనకు తెలిసిన మనిషే. జాబితా చేతిలో పట్టుకుని ఒక్కో పేరూ చదువుతుంటే, తల్లి గుమ్మంలో నిలబడి ఉంటుంది. కొడుకు పేరు వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. పక్కింటివాళ్లు వింటున్నారు. జైలని చెప్పడానికి నోరు రాదు. "ఊర్లో లేడమ్మా, వలస ఎల్లిపోనాడు" అంటుంది. ఎప్పుడొస్తాడంటే "తెల్దు" అంటుంది. బీఎల్వో ఆ పేరు పక్కన "షిఫ్టెడ్" అని రాసుకుంటారు. ఆవిడ తప్పూ లేదు, బీఎల్వో తప్పూ లేదు. కానీ పేరు తీసేయమని పెట్టే ఫారం 7 దాకా వెళ్లేది ఇలాంటి పేర్లే. మన జిల్లాల్లో నిజంగా వలస వెళ్లే కుటుంబాలు ఇంటింటా ఉంటాయి కాబట్టి ఆ మాటను ఎవరూ రెండోసారి అడగరు.

అందుకని ఆ మాట అనకండి. జైలని గట్టిగా చెప్పాల్సిన పనీ లేదు. "ఇది అతని ఇల్లే, కొన్నాళ్లకు బయటికి వెళ్లాడు, తిరిగొస్తాడు, పేరు ఉంచండి" అంటే చాలు. నమ్మకమున్న బీఎల్వో అయితే పక్కకు పిలిచి ఉన్న విషయం చెప్పండి, 20(2) సంగతి కూడా చెప్పండి.

తర్వాత చేయాల్సినవి ఇవి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఓటరు కార్డు నంబరు కొట్టి పేరుందో లేదో చూడండి, లేదా ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి, లేదా సచివాలయంలో అడగండి. పేరు కనబడితే నియోజకవర్గం, పార్టు నంబరు, వరస నంబరు ఒక కాగితం మీద రాసి దాచుకోండి. ఈ మూడూ ముందుముందు అవసరమవుతాయి. పేరు తీసేస్తామని ఇంటికి నోటీసు వస్తే గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. జైల్లో ఉన్నట్టు సూపరింటెండెంట్ ఇచ్చే ధ్రువపత్రం గానీ, రిమాండు ఉత్తర్వు నకలు గానీ జత చేయండి. అయినా తీసేస్తే 15 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కుదరకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నిక అయ్యేదాకా జాబితాలో మార్పులు ఉండవు. అందుకే ఈ పని ముందే అవ్వాలి.

ఇదే మాట పరాయి దేశం జైళ్లకూ వర్తిస్తుంది. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకు వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. మధ్యలో 2019 ఎన్నికలు అయిపోయాయి. అలాంటివాళ్లకు అక్కడి నుంచి ఓటు వేసే దారి లేదు. కానీ ఊళ్లో జాబితాలో పేరు ఉండాలి, ఉంచమని అడిగే హక్కు ఇంట్లోవాళ్లకు ఉంది.

డెటెన్యూ అయితే: 15 రోజుల ఉత్తరం

1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 21వ నియమం రెండు దారులు పెట్టింది. ఒకటి, ఎన్నిక నోటిఫికేషన్ వచ్చిన 15 రోజుల్లో ప్రభుత్వమే నిర్బంధంలో ఉన్న ఓటర్ల పేర్లు, చిరునామాలు, జాబితా నంబర్లు, ఉంచిన చోటు తెలుసుకుని, నియోజకవర్గంలో ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారికి పంపాలి. రెండు, అదే 15 రోజుల్లో నిర్బంధంలో ఉన్న మనిషి తనే నేరుగా రిటర్నింగ్ అధికారికి ఉత్తరం రాసి పోస్టు ద్వారా ఓటు వేస్తానని చెప్పొచ్చు. ఈ రెంటిలో ఏ దారిన పేరు చేరినా బ్యాలెట్ పంపాల్సిందే.

మొదటి దారిని నమ్ముకుని కూర్చోకండి. ప్రభుత్వం పంపేదేదో పంపుతుంది, మీ ఉత్తరం మీరు రాయించండి. గడువు లెక్కకు ఒక ఉదాహరణ: 2024లో మన రాష్ట్రంలో షెడ్యూలు మార్చి 16న ప్రకటించారు, నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. 15 రోజులంటే మే 3. పోలింగ్ మే 13న. షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచి లెక్క వేసుకుని గాభరా పడొద్దు, అలాగని పోలింగ్ ఇంకా ఉంది కదా అని ఆగొద్దు.

ఉత్తరం ఎవరికి రాయాలన్నది మన జిల్లాల్లో కొంచెం చూసుకోవాలి. జైలు ఎక్కడుందన్నది ముఖ్యం కాదు, ఓటు ఎక్కడుందన్నదే ముఖ్యం. 2022లో జిల్లాలు మారాక జిల్లా ఒకటి, పార్లమెంటు నియోజకవర్గం ఇంకొకటి అయిన చోట్లు మనకున్నాయి. ఎచ్చెర్ల అసెంబ్లీ శ్రీకాకుళం జిల్లాలో ఉంది, కానీ లోక్‌సభకు విజయనగరం కిందికి వస్తుంది. శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉంది, లోక్‌సభకు విశాఖపట్నం. పాలకొండ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, లోక్‌సభకు అరకు. కాబట్టి రణస్థలం ఓటరు అసెంబ్లీ బ్యాలెట్ కోసం ఎచ్చెర్ల రిటర్నింగ్ అధికారికి, లోక్‌సభ బ్యాలెట్ కోసం విజయనగరం పార్లమెంటు రిటర్నింగ్ అధికారికి విడివిడిగా రెండు ఉత్తరాలు రాయడం మేలు. ఒక ఉత్తరం రాసి రెంటికీ పనికొస్తుందనుకోవద్దు.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"ఎచ్చెర్ల అసెంబ్లీ నియోజకవర్గం రిటర్నింగ్ అధికారి గారికి నమస్కారములు. నేను రణస్థలం మండలం ........ గ్రామ నివాసిని. ఓటర్ల జాబితాలో నా పార్టు నంబరు ......, వరస నంబరు ......, ఓటరు కార్డు నంబరు ....... నన్ను ........ చట్టం కింద, ........ తేదీ నాటి ........ నంబరు ఉత్తర్వు ప్రకారం విశాఖపట్నం సెంట్రల్ జైల్లో నిర్బంధంలో ఉంచారు. ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961లోని 21వ నియమం ప్రకారం నేను పోస్టు ద్వారా ఓటు వేయదలచుకున్నాను. పై జైలు చిరునామాకు నా పోస్టల్ బ్యాలెట్ పంపించవలసిందిగా కోరుతున్నాను."

కింద సంతకం గానీ వేలిముద్ర గానీ, తేదీ. ఇది ఆ మనిషే రాయాలి లేదా సంతకం పెట్టాలి. మీరు బయట నుంచి అతని పేరుతో పంపితే చెల్లదు. మీ పని ములాఖత్‌లో జాబితా వివరాలు చేరవేయడం. పార్టు నంబరు లోపల ఎవరికీ గుర్తుండదు. ములాఖత్‌కు వెళ్లేటప్పుడు వివరాలు రాసిన కాగితం గేటు దగ్గర సిబ్బందికి చూపించి లోపలికి పంపండి. అలా కుదరకపోతే జైలుకు వచ్చే న్యాయసేవాధికార సంస్థ లాయరు ద్వారా పంపండి. ఉత్తరం జైలు సూపరింటెండెంట్ ద్వారా వెళ్తుంది. ఏ తేదీన పంపారో రాసుకోమని మీ మనిషికి చెప్పండి. వీలైతే నకలు ఒకటి మీ దగ్గర పెట్టుకుని, ఆ సంగతి మీరు కూడా రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో చెప్పి రండి. పని చేయాల్సింది వాళ్లే, మీరు గుర్తు చేస్తున్నారంతే.

బ్యాలెట్ లోపలికి వచ్చాక

పోస్టల్ ఓట్లు ఎక్కువగా పోయేది ఇక్కడే, కవర్లలో. వచ్చే కట్టలో బ్యాలెట్ పేపరు, ఫారం 13ఏ అనే డిక్లరేషన్, చిన్న కవరు (13బీ), పెద్ద కవరు (13సీ), ఎలా చేయాలో రాసిన సూచనల కాగితం (13డీ) ఉంటాయి. లోక్‌సభ బ్యాలెట్ తెలుపు, అసెంబ్లీది గులాబీ రంగు. రెండు ఎన్నికలూ ఒకేసారి అయితే రెండు కట్టలు వస్తాయి. ఒకదాని కాగితం ఇంకోదాని కవరులో పడకూడదు.

బ్యాలెట్ మీద నచ్చిన అభ్యర్థికి ఎదురుగా పెన్నుతో గుర్తు పెట్టాలి. టిక్ అయినా, అడ్డగీతలైనా పర్లేదు, ఎవరికి వేశారో అనుమానం రాకూడదు. పేరు, సంతకం, "మీ అభిమాని" లాంటి మాటలు రాయకూడదు. ఓటరు ఎవరో తెలిసేలా ఏ గుర్తున్నా ఓటు తీసేస్తారు. బ్యాలెట్‌ను మడిచి చిన్న కవరులో పెట్టి అంటించాలి. దాని మీద బ్యాలెట్ వరస నంబరు ఉండాలి. డిక్లరేషన్‌ను ఆ చిన్న కవరులో పెట్టకూడదు. చిన్న కవరునూ, డిక్లరేషన్‌నూ విడివిడిగా పెద్ద కవరులో పెట్టి అంటించాలి. లెక్కింపు రోజున ముందు పెద్ద కవరు విప్పి డిక్లరేషన్ చూస్తారు. అది లేకపోయినా, సంతకం, ధ్రువీకరణ లేకపోయినా, అందులోని నంబరుకూ చిన్న కవరు మీది నంబరుకూ తేడా ఉన్నా చిన్న కవరును విప్పనే విప్పరు.

డిక్లరేషన్ మీద ఓటరు సంతకాన్ని ధ్రువీకరించాల్సింది జైలు సూపరింటెండెంట్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గానీ. ఆయన చూసేది సంతకాన్ని, ఓటును కాదు. ఓటు ఎవరికో ఆయనకు చూపించాల్సిన పని లేదు, ఈ మాట మీ మనిషికి తప్పకుండా చెప్పండి. చదువు రాని మనిషైతే, చూపు లేకపోతే పద్ధతి వేరు. అప్పుడు అదే అధికారిని అడిగితే, ఆ మనిషి చెప్పినట్టు అతని ఎదుటే గుర్తు పెట్టి, అతని తరఫున డిక్లరేషన్ మీద సంతకం చేస్తారు.

2024 జూన్ లెక్కింపు ముందు మన రాష్ట్రంలో ఫారం 13ఏ మీద ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా అని హైకోర్టుకూ, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లారు. అది ఉద్యోగుల ఓట్ల గొడవ. మనకెందుకు ఆ రిస్కు? సంతకం, పేరు, హోదా, ముద్ర నాలుగూ వేయించుకోమనండి.

పెద్ద కవరు లెక్కింపు మొదలయ్యే వేళకు రిటర్నింగ్ అధికారికి చేరాలి. పోలింగ్ రోజు దాకా ఆగితే ఏమవుతుందని ఆలోచించొద్దు, బ్యాలెట్ వచ్చిన రెండు మూడు రోజుల్లోనే పంపించేయాలి.

ఒక చిక్కు ముందే చెప్పాలి. పోస్టల్ బ్యాలెట్ ఇచ్చాక జాబితాలో ఆ పేరు పక్కన "పీబీ" అని గుర్తు పెడతారు. తర్వాత అదే మనిషిని హైకోర్టు విడుదల చేసినా, నిర్బంధం సరైనదో కాదో చూసే సలహా మండలి వదిలేయమన్నా, పోలింగ్ బూత్‌కు వెళ్తే ఓటు వేయనివ్వరు. నిర్బంధ ఉత్తర్వులను హైకోర్టు కొట్టేయడం అరుదేమీ కాదు కాబట్టి ఇది జరగొచ్చు. అందుకని బ్యాలెట్ చేతికి రాగానే లోపల ఉండగానే ఓటు వేసి, ధ్రువీకరణ చేయించి పంపేయడమే మంచిది.

రిమాండులో ఉంటే: బయటికి రావడమే దారి

రిమాండు ఖైదీకి పోస్టల్ బ్యాలెట్ లేదు, పోలీసు ఎస్కార్టుతో బూత్‌కు తీసుకెళ్లే ఏర్పాటూ లేదు. 2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేయడానికి ఎంపీ మిథున్‌రెడ్డికి కోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చిందని పేపర్లో చదివి, మనమూ అడగొచ్చు కదా అనుకుంటారు. అది ఎంపీలు మాత్రమే ఓటేసే ఎన్నిక. మామూలు ఎన్నికలో ఓటు కోసమని బెయిలు వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఎలాగూ రావాల్సిన బెయిలు పోలింగ్ లోపల వచ్చేలా చూసుకోవడమే తెలివైన పని.

ముందు మీ మనిషికి బెయిలు ఇప్పటికే వచ్చిందేమో కనుక్కోండి. వింతగా ఉన్నా, బెయిలు ఉత్తర్వు వచ్చి కూడా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు ఉంటారు. ఇద్దరు జామీనుదారులు, పట్టాదారు పాసుపుస్తకమో ఇంటి పన్ను రసీదో, కొన్నిచోట్ల తహసీల్దార్ దగ్గర ఆస్తి విలువ సర్టిఫికెట్. కూలి కుటుంబానికి ఇవి దొరకడమే గగనం. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీని మీద స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల దాటితే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించొచ్చు. మీరు చేయాల్సిందల్లా శ్రీకాకుళం లేదా విజయనగరం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, కేసు నంబరు, బెయిలు తేదీ రాసి ఇవ్వడం. ఫోన్ చేయాలంటే 15100. లాయరు ఫీజు కట్టక్కర్లేదు.

బెయిలు ఇంకా రాకపోతే రోజులు లెక్కపెట్టండి. మొదటి రిమాండు పడిన రోజు నుంచి 60 రోజులు, పెద్ద కేసుల్లో 90 రోజులు దాటినా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. గంజాయి ఎక్కువ మొత్తంలో దొరికిన కేసుల్లో ఆ గడువు 180 రోజులు. ఛార్జిషీటు పడకముందే అడగాలి, పడ్డాక ఈ హక్కు ఉండదు. ఇక కొత్త చట్టంలో, అంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపినవాళ్లను బెయిలు మీద వదలాలి. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడైతే మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్ మీదే ఉంది, పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. ములాఖత్‌లో మీ మనిషినే "479 కింద నా పేరు పంపారా" అని అడగమనండి.

బెయిలు షరతులు కూడా చదువుకోండి. ఫలానా మండలంలో అడుగు పెట్టకూడదనో, జిల్లా దాటి ఉండాలనో షరతు ఉంటే పోలింగ్ బూత్ ఆ హద్దు లోపలే పడొచ్చు. పోలింగ్‌కు పది పన్నెండు రోజుల ముందే, ఆ ఒక్క రోజుకు సడలింపు ఇవ్వమని అదే కోర్టులో పిటిషన్ వేయించండి. జడ్జి గారు కాదనడానికి పెద్ద కారణం ఉండదు. పిటిషన్ వేయకుండా ధైర్యం చేసి ఊళ్లోకి వస్తే ఓటు సంగతి అటుంచి బెయిలే రద్దవుతుంది.

పోలింగ్ ముందు రోజు ఉద్రిక్తత అంటూ స్టేషన్‌కు తీసుకెళ్లి కూర్చోబెడితే పోస్టల్ బ్యాలెట్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దంటూ సాగిన సోంపేట, కాకరాపల్లి ఉద్యమాలు చూసిన ఊళ్లకు ఈ ముందస్తు అరెస్టులు తెలియనివి కావు. 24 గంటలకు మించి మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా ఉంచకూడదు. ఎన్ని గంటలకు తీసుకెళ్లారో వెంటనే రాసుకోండి, లాయరుకు ఫోన్ చేయండి, 1950కి ఫిర్యాదు చేయండి. సాయంత్రం పోలింగ్ ముగిసే వేళకు గేటు లోపల వరసలో నిలబడి ఉంటే ఓటు వేయనిస్తారు, కాబట్టి ఆలస్యంగా వదిలినా నేరుగా బూత్‌కే వెళ్లమనండి.

బూత్ దగ్గర

విడుదలైనవాళ్లకు తరచూ వచ్చే ఇబ్బంది గుర్తింపు కార్డు. ఓటరు కార్డు, ఆధార్ కేసు కాగితాలతోపాటు స్టేషన్లోనో కోర్టులోనో ఉండిపోతాయి. ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, ఫొటో ఉన్న పెన్షన్ కాగితం, వీటిలో ఏదున్నా చెల్లుతుంది. ఊళ్లో పంచిన ఓటరు స్లిప్పు ఒక్కటే చాలదు.

లోపల కూర్చున్న ఏజెంటు "వీడు నిన్ననే జైల్నుంచి వచ్చాడు, వీడికి ఓటేటి" అంటే భయపడకండి. ఏజెంటు అభ్యంతరం చెప్పగలిగేది ఒక్కదాని మీదే: ఈ మనిషి జాబితాలో ఉన్న ఆ మనిషేనా కాదా అని. దానికీ రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయాలి. కార్డులోని ఫొటో, మనిషి ఒకరే అని తేలితే ప్రిసైడింగ్ అధికారి ఓటు వేయనివ్వాల్సిందే. అయినా ఆపితే గొడవ పడకుండా అక్కడే సెక్టార్ ఆఫీసరును పిలిపించమనండి, ఆయన ఫోన్ నంబరు ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది.